సైన్యంలో అనస్థీషియా, క్రిటికల్ కేర్ డాక్టరుగా పనిచేయడం నిజంగా ఎలా ఉంటుంది?

పీజీ_ఆఖరి_ఏడు అడిగారు:

అందరికీ నమస్కారం. అనస్థీషియా పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. తర్వాత క్రిటికల్ కేర్ (ఐసీయూ వైద్యం) చేయాలని మొదటినుంచీ ఉంది. ఈ మధ్య సైన్యంలో చేరాలన్న ఆలోచన గట్టిగా పట్టుకుంది. ఒక వారం అది తప్ప ఇంకేమీ తోచడం లేదు, ఇంకో వారం భయం వేస్తోంది.

ఎవరిని అడిగినా రెండే రకాల జవాబులు వస్తున్నాయి. "అక్కడ చూసే గాయాలు బయట జన్మలో చూడవు, ఎంతో నేర్చుకుంటావు" అని కొందరు. "అక్కడ పేషెంట్లంతా ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లే. హెర్నియాలు, మోకాలి ఆపరేషన్లు చేసి చేసి చేయి మొద్దుబారిపోతుంది" అని ఇంకొందరు. రెండూ ఎలా నిజమవుతాయి?

నాకు తెలుసుకోవాలని ఉన్నవి ఇవి. ఆపరేషన్ థియేటర్, ఐసీయూ రెండూ ఒకే మనిషి చూడాల్సి వస్తుందా? వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్లను విమానంలో తీసుకెళ్లే పని మనదేనా? క్రిటికల్ కేర్ పూర్తి చేసి చేరడం మంచిదా, చేరాక చేయడం మంచిదా? ఇంట్లో అమ్మ ఈ మాట ఎత్తితేనే లేచి వెళ్లిపోతోంది, అందుకే ముందు నాకు స్పష్టత కావాలి. ఆ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి.

పాత_మత్తుడాక్టర్ రాశారు:

అమ్మా, నా సర్వీసంతా ఈ పనిలోనే గడిచింది. అనస్థీషియాతో మొదలుపెట్టాను, తర్వాత ఐసీయూ. యూనిట్ పేర్లు, చోట్లు రాయను, రాయకూడదు కూడా. జీతం, బాండు, ర్యాంకు సంగతులు ఏ దేశానివి ఆ దేశానివే, వాటి జోలికీ వెళ్లను. పని గురించి మాత్రం చెప్తాను.

మీరు విన్న రెండు మాటలూ నిజమే. ఎలాగంటే, సైనిక డాక్టరు జీవితంలో యుద్ధం చాలా చిన్న భాగం. ఎక్కువ కాలం శాంతి సమయపు ఆసుపత్రిలోనే గడుస్తుంది. అక్కడ సైనికులతో పాటు వాళ్ల కుటుంబాలు, రిటైరైనవాళ్లు వస్తారు కాబట్టి కాన్పులూ గుండె జబ్బులూ డయాబెటిస్ కూడా ఉంటాయి. అయినా పెద్ద ట్రామా సెంటర్‌కు ఒక్క రాత్రిలో వచ్చే రక్తస్రావం కేసులు ఇక్కడ నెలల తరబడి రావు. ఉన్నట్టుండి ఒక రోజు ఆర్డరు వస్తుంది. వెళ్లిన చోట దిగిన మొదటి గంటలోనే కాలు తెగిన మనిషి టేబుల్ మీద ఉండొచ్చు. ఆ మధ్యకాలంలో మీ చేతి నేర్పును ఎలా కాపాడుకున్నారన్నదే ఈ కెరీర్ మొత్తంలో పెద్ద ప్రశ్న అని నా నమ్మకం.

ఈ బెంగ నా ఒక్కడిది కాదు. ఒక యుద్ధంలో నేర్చుకున్న వైద్యం తర్వాతి శాంతికాలంలో కరిగిపోవడం, మళ్లీ యుద్ధం వస్తే మొదటి నెలల్లో ఆ నష్టం సైనికుల ప్రాణాల మీదికి రావడం చరిత్రలో చాలాసార్లు జరిగింది. బ్రిటిష్ సైనిక వైద్యులు దీనికి 'వాకర్ డిప్' అని పేరు కూడా పెట్టుకున్నారు. అందుకే బుద్ధిగా ఆలోచించిన సైన్యాలు తమ డాక్టర్లను బయటి ఆసుపత్రుల్లో పనిచేయిస్తాయి. బ్రిటన్ తన సైనిక ఆసుపత్రులను మూసేశాక డాక్టర్లను ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) ఆసుపత్రుల్లోనే పెట్టింది, బర్మింగ్‌హామ్ దానికి కేంద్రం. అమెరికా వైమానిక దళం బాల్టిమోర్‌లోని షాక్ ట్రామా సెంటర్‌లో తన టీములకు శిక్షణ ఇప్పిస్తుంది. మీరు చేరబోయే చోట ఇలాంటి ఏర్పాటు ఉందో లేదో మొట్టమొదట అడగండి. "చూద్దాం" అన్న జవాబు వస్తే లేదనే అర్థం చేసుకోండి.

ఇక పని. ఫీల్డ్ ఆసుపత్రిలో గాయపడినవాణ్ణి తీసుకొచ్చేసరికి మీ బుర్రలో మూడు సంగతులు ఒకేసారి తిరగాలి: చల్లబడుతున్న ఒళ్లు, గడ్డకట్టని రక్తం, పెరుగుతున్న యాసిడ్. ఒకటి ముదిరితే మిగతా రెండూ ముదురుతాయి. అందుకే థియేటర్ టెంటును మనకు చెమటలు కారేంత వేడిగా ఉంచుతాం. సర్జన్లు సణుగుతారు, పట్టించుకోకూడదు. సెలైన్ బాటిళ్లు పోస్తూ పోతే ఉన్న రక్తం పలచబడుతుంది, కాబట్టి రక్తం పోయినవాడికి రక్తమే ఎక్కిస్తాం. ఎక్కించే రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది, అందుకని కాల్షియం ముందే గుర్తుపెట్టుకుని ఇస్తాం. రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ గాయమైన మూడు గంటల లోపే వెళ్లాలి. 2010లో వచ్చిన క్రాష్-2 అధ్యయనం ఇరవై వేలకు పైగా ట్రామా పేషెంట్ల మీద ఆ మందు పనిచేస్తుందని చూపింది. దాన్నే మళ్లీ విశ్లేషిస్తే, మూడు గంటలు దాటాక ఇచ్చినప్పుడు మేలుకు బదులు కీడే కనిపించింది.

బ్లడ్ బ్యాంకు సరుకు అయిపోతే ఏం చేస్తారని మీరు అడగలేదు గానీ చెప్పాలి. ముందే పరీక్షలు చేసి జాబితాలో పెట్టుకున్న తోటి సైనికులను పిలుస్తాం. వాళ్లు వచ్చి చేయి చాపుతారు. ఆ రక్తం ఇంకా వెచ్చగా ఉండగానే పక్క టేబుల్ మీది మనిషికి ఎక్కుతుంది. ప్లేట్‌లెట్లు, గడ్డకట్టే ప్రోటీన్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఇచ్చినవాడు లేచి నీళ్లు తాగి మళ్లీ డ్యూటీకి పోతాడు. ఆ పిలుపుకు వెనకాడినవాణ్ణి నేను చూడలేదు.

మత్తు ఇచ్చే విధానం కూడా మారుతుంది. మీ థియేటర్‌లో గోడలోంచి ఆక్సిజన్ వస్తుంది. అక్కడ గోడే ఉండదు. సిలిండర్లు బరువు, ప్రమాదం, పైగా నింపించే చోటు ఎక్కడో ఉంటుంది. అందుకని గాలిలోంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్ పెట్టుకుంటాం. పేషెంటు పీల్చే గాలే మందు ఆవిరిని లాక్కెళ్లే డ్రా-ఓవర్ పద్ధతి ఉంది. బ్రిటిష్ సైన్యం వాడిన ట్రైసర్వీస్ పరికరం అలాంటిదే, ఒక పెట్టెలో పట్టేస్తుంది, గ్యాస్ సిలిండర్ లేకపోయినా నడుస్తుంది. వీటన్నిటికంటే ముందు కెటమిన్ అనే మత్తుమందు. 1970లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు, వియత్నాం నాటినుంచి యుద్ధరంగంలో ఉంది. బీపీని ఒక్కసారిగా పడేయదు, ఊపిరిని చాలావరకు ఆగనివ్వదు. అలాగని ధీమా పడొద్దు. రక్తమంతా పోయి నరాల బిగువు మీదే బతుకుతున్న మనిషికి పూర్తి డోసు ఇస్తే అదీ గుండెను కుంగదీస్తుంది. డోసు సగానికి తగ్గించండి, ప్రభావం కనిపించేదాకా ఓపిక పట్టండి.

చిత్రమైన విషయం, ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనది మందులకు సంబంధించింది కాదు. సర్జన్‌తో "ఇక చాలు, ఆపండి" అని చెప్పడం. చేతిలో కత్తి ఉన్నవాడికి ఇంకొక్క పేగు ముక్క అతికించి ముగించాలని ఉంటుంది. మానిటరు మీద ఉష్ణోగ్రత 34కి పడింది, గాయం అంచులనుంచి రక్తం ఊరుతూనే ఉంది, గడ్డకట్టడం లేదు. ఆ సంగతి తలవైపు కూర్చున్న మనకే ముందు తెలుస్తుంది. పెద్ద రక్తస్రావం ఆపి, పొట్ట తెరిచే ఉంచి, ఐసీయూకి తీసుకెళ్లి, ఒళ్లు వెచ్చబరిచి, మర్నాడో ఆ తర్వాతో మళ్లీ తీసుకురావాలి. అప్పుడు ఐసీయూలో నిలబడేదీ మనమే. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే: చిన్న ఫీల్డ్ ఆసుపత్రిలో థియేటర్ డాక్టరూ ఐసీయూ డాక్టరూ ఒకే మనిషి. నాకు ఈ ఉద్యోగంలో బాగా నచ్చింది కూడా అదే. పొద్దున మత్తిచ్చిన మనిషిని రాత్రి వెంటిలేటర్ దగ్గర మీరే చూస్తారు. పొద్దున చేసిన ప్రతి నిర్ణయం ఫలితం మీ కళ్లముందే ఉంటుంది.

విమానం గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లకు వదిలేస్తాను.

ఫ్లైట్_నర్సు_శారద రాశారు:

సర్ నన్ను ఉద్దేశించే అన్నట్టున్నారు. మేడమ్, అవును, ఆ పని మీదే. అమెరికా వాళ్ల పద్ధతిలో ముగ్గురి టీమ్ ఉంటుంది: క్రిటికల్ కేర్ డాక్టరు, ఐసీయూ నర్సు, రెస్పిరేటరీ థెరపిస్టు. వెంటిలేటర్ మీద ఉన్న ముగ్గురిని ఈ ముగ్గురే చూసుకుంటారు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌ల నుంచి జర్మనీలోని లాండ్‌స్టూల్ ఆసుపత్రికి, అక్కడినుంచి అమెరికాకు అలాగే చేర్చారు. వియత్నాం కాలంలో వారాలు పట్టిన ప్రయాణం కొన్ని రోజులకు తగ్గింది.

ఎగిరే ఐసీయూ అని పేపర్లలో రాస్తారు గానీ నేల మీది ఐసీయూలో ఉండేవి చాలా అక్కడ ఉండవు. రవాణా విమానం మోతలో స్టెతస్కోపు పనికిరాదు. అలారం వినపడదు, లైటు వెలగడం చూడాలి. అందరి చెవుల్లోనూ ప్లగ్గులు ఉంటాయి, కాబట్టి మాట్లాడుకునేది చేతి సైగలతోనే. వెలుతురు తక్కువ, చలి ఎక్కువ. పేషెంటు ఛాతీ లేస్తోందా లేదా అన్నది చెయ్యి వేసి చూసుకుంటాం.

లోపలి గాలి పీడనం దాదాపు 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. దాంతో రెండు ఇబ్బందులు. ఒకటి, నేల మీద 50 శాతం ఆక్సిజన్‌తో నడిచే పేషెంటుకు అక్కడ దాదాపు 70 శాతం కావాలి. 80 మీద ఉన్నవాణ్ణి ఎక్కించే ముందు డాక్టరుగారు బాగా ఆలోచించాలి, పైకి వెళ్లాక పెంచడానికి చోటుండదు. రెండోది, ఒంట్లో ఎక్కడ గాలి చిక్కుకుని ఉన్నా అది మూడో వంతు పెరుగుతుంది. కింద ఎక్స్‌రేలో చిన్న గీతలా కనిపించిన న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి) పైన ప్రాణం మీదికి తెస్తుంది. ఛాతీ ట్యూబు వేసే ఎక్కించాలి. గొంతులో ట్యూబు చుట్టూ ఉండే గాలి బుడగ (కఫ్) కూడా ఉబ్బి శ్వాసనాళాన్ని నొక్కుతుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కొలిచి సరిచేయాలి, దిగేటప్పుడు మర్చిపోతే కఫ్ కుంగిపోయి గాలి లీకవుతుంది.

ఆక్సిజన్ లెక్క మీరే వేసుకోండి, ఎవరికీ అప్పజెప్పొద్దు. నిమిషానికి 10 లీటర్లు, ఆరు గంటల ప్రయాణం అంటే 3,600 లీటర్లు. వాతావరణం బాగాలేక వేరే చోట దిగాల్సి వస్తే? అందుకే లెక్కకు రెట్టింపు ఉంటే గానీ నేను కదలను. నాతో పనిచేసిన మంచి డాక్టర్లంతా ఎక్కే ముందే గంటసేపు పేషెంటు పక్కన ఉండి, రక్తనాళాల్లోకి వేసిన లైన్లన్నీ మళ్లీ కుట్టించి, మత్తు, నొప్పి మందులు సరిచూసి, అప్పుడు కదిలేవాళ్లు. పైకి వెళ్లాక కొత్త లైను వేయడం ఎంత కష్టమో ఒకసారి చేస్తే మీకే అర్థమవుతుంది.

బాండు_అయ్యాక_బయటికి రాశారు:

నేను కొన్నేళ్లు చేసి వచ్చేశాను. ఇప్పుడు మామూలు ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాను. చేరొద్దని చెప్పను. ఒకటి మాత్రం ఎవరూ ముందు చెప్పరు: ర్యాంకు పెరిగేకొద్దీ పేషెంటుకు దూరమవుతారు. స్టోర్సు, ఆడిట్, ఇన్‌స్పెక్షన్లు, సెలవు కాగితాలు. నేను పనిచేసిన చోట ఒక పెద్దాయన గొంతులో ట్యూబు వేస్తే చూడ్డానికి మేమంతా గుమిగూడేవాళ్లం, అంత నేర్పు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫైళ్లు ఇచ్చారు. నాకు ఆ దారి వద్దనిపించింది. ఇంకా, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాల్లో ఉంటే బదిలీలు నలిపేస్తాయి. ఈ విషయం ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

పీజీ_ఆఖరి_ఏడు రాశారు:

అందరికీ చాలా థాంక్స్. 50 నుంచి 70 లెక్క చూసి పుస్తకం తీసి నేనే వేసి చూసుకున్నాను, సరిగ్గా వచ్చింది శారదగారూ!

సర్, ఇంకో రెండు అడగొచ్చా? ఒకటి, ఎదుటి పక్షం వాడు గాయపడి వస్తే ఏం చేస్తారు? మనవాడు పక్కనే ఉంటే? దీని గురించి తలుచుకుంటేనే నాకు టెన్షన్. రెండోది, నాకు ఇంకా కొన్ని నెలల ట్రైనింగ్ మిగిలింది. ఈ లోపు ఏది గట్టిగా నేర్చుకోవాలి?

పాత_మత్తుడాక్టర్ రాశారు:

మొదటి ప్రశ్నకు చట్టం దగ్గర స్పష్టమైన జవాబు ఉంది. 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం 12వ అధికరణం ప్రకారం ఎవరికి ముందు వైద్యం అందాలన్నది వైద్యపరమైన అత్యవసరాన్ని బట్టే తేలాలి. యూనిఫాం రంగును బట్టి కాదు. కాగితం మీద ఉన్నది ఇది. చేతల్లో ఎలా ఉంటుందో చూడాలంటే 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం చదవండి. ఏజాక్స్ బే అనే చోట, మూతపడ్డ మాంసం శీతలీకరణ ఫ్యాక్టరీలో రిక్ జాలీ అనే నౌకాదళ సర్జన్ నాయకత్వంలో ఫీల్డ్ ఆసుపత్రి నడిచింది. పేలని బాంబులు రెండు ఆ భవనంలోనే దిగబడి ఉండగా లోపల ఆపరేషన్లు సాగాయి. బ్రిటిష్ వాళ్లకూ అర్జెంటీనా వాళ్లకూ అక్కడ ఒకే వైద్యం. తర్వాతి కాలంలో జాలీని బ్రిటన్‌తో పాటు అర్జెంటీనా కూడా సత్కరించింది.

నా సంగతి అడిగారు కాబట్టి చెప్తాను. ఎదుటి పక్షం వాళ్లకు నేను మత్తిచ్చాను. తలుపు బయట కాపలావాడు తుపాకీతో నిలబడి ఉంటాడు, లోపల పేషెంటు భయంతో మీ చేతిలోని సిరంజి వైపే చూస్తుంటాడు. మన భాష తెలియదు. అప్పుడు నేను సిరంజి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని, మాస్కు ముందు నా ముఖానికే పెట్టుకుని చూపించేవాణ్ణి. దాంతో చాలామంది కుదుటపడేవాళ్లు. ఆ నిమిషంలో కోపం రాదమ్మా. రక్తం ఎంత పోయింది, గాలి ఎలా ఆడుతోంది అన్న లెక్కలోనే మనసు ఉంటుంది. కష్టం తర్వాత వస్తుంది, మనవాడు పోయి అతను బతికిన రాత్రి. ఆ రాత్రి ఒంటరిగా ఉండొద్దు. టీమ్‌తో కూర్చుని జరిగిందంతా మాట్లాడండి, నర్సులనూ టెక్నీషియన్లనూ కూడా కూర్చోబెట్టండి. అది లేని యూనిట్లలో మంచి మనుషులు లోలోపల విరిగిపోవడం నేను చూశాను.

పైన బయటికి వచ్చేసిన డాక్టరుగారు చెప్పిన ఫైళ్ల సంగతి పూర్తిగా నిజం. నేను కుర్చీలో ఉన్నప్పుడు కూడా వారంలో థియేటర్ రోజులు నా పేరున రాయించుకుని, వాటిని ఎవరికీ ఇవ్వలేదు. దానికోసం పోట్లాడాల్సి వచ్చింది, కొన్ని మంచి పోస్టింగులు పోయాయి. నాకు ఆ బేరం సరైనదే అనిపించింది, మీకు అనిపించకపోవచ్చు. నిబంధనలు ఒప్పుకుంటే క్రిటికల్ కేర్ శిక్షణ ముందే పూర్తి చేసి చేరండి. చేరాక సీటు ఇస్తామని నోటిమాటగా అంటారు, ఆర్డరు మీద లేని మాట లెక్కలోకి రాదు.

సైనిక అనస్థీషియా అంటే రణరంగమే అనుకోకండి. ఇందులో పరిశోధన చాలా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఎడ్గర్ పాస్క్ అనే రాయల్ ఎయిర్ ఫోర్స్ డాక్టరు, సముద్రంలో స్పృహ తప్పి పడిన పైలట్ ముఖం నీళ్లపైనే ఉంచే లైఫ్‌జాకెట్ ఏదో తేల్చడానికి, తనకే మత్తు ఇప్పించుకుని నీళ్లలో వేయించుకున్నాడు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. మత్తిచ్చినవాడు రాబర్ట్ మాకింటోష్, గొంతులో ట్యూబు వేసేటప్పుడు మీరు రోజూ వాడే లారింగోస్కోపు బ్లేడు ఆయనదే. ఐసీయూలో మీరు రోజూ చూసే ఏఆర్‌డీఎస్‌ను (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినే స్థితిని) 1967లో డాక్టర్ ఆష్‌బా, సహచరులు పన్నెండుమంది పేషెంట్లతో వర్ణించారు. అదే కాలంలో వియత్నాంలోని సైనిక డాక్టర్లు ఆ ఊపిరితిత్తులను చూసి 'డా నాంగ్ లంగ్' అంటున్నారు. మీకు రాసే అలవాటు ఉంటే ఈ ఉద్యోగం దానికి చోటిస్తుంది.

ఇక మిగిలిన నెలలు. అల్ట్రాసౌండ్ చేతిలో పట్టుకుని నరాల బ్లాకులు (ఒక భాగానికే నొప్పి తెలియకుండా నరం దగ్గర మందు ఇవ్వడం) వేయడం నేర్చుకోండి, మిగతావన్నీ తర్వాతే. కాలు తెగిన కుర్రాడికి మార్ఫిన్ మీద మార్ఫిన్ ఇస్తూ విమానం ఎక్కిస్తే ఊపిరి మందగిస్తుంది, అయినా నొప్పి పోదు. నరం పక్కన సన్నని గొట్టం (కాథెటర్) పెట్టి మందు నెమ్మదిగా పంపిస్తే మనిషి మెలకువగా, నొప్పి లేకుండా ప్రయాణిస్తాడు. 2003లో ఇరాక్‌లో అమెరికా సైన్యపు డాక్టరు చెస్టర్ బకెన్‌మయర్ ఇలాంటి కాథెటర్లు యుద్ధరంగంలోనే వేసి, వాటితోనే గాయపడినవాణ్ణి ఇంటిదాకా పంపించవచ్చని చూపించాడు. కాలికి ఫెమొరల్, సయాటిక్, భుజానికి ఇంటర్‌స్కేలీన్, ఈ మూడు బ్లాకులూ నిద్రలో లేపినా వేయగలిగేలా ఉండాలి. కాథెటర్ వేయడంతో ఆపొద్దు, అది జారకుండా అంటించడం కూడా మీరే చేయండి. శారదగారిని అడగండి, దారిలో ఊడిపోయేవి ఎక్కువగా సరిగ్గా అంటించనివే. ఆర్థో (ఎముకల ఆపరేషన్ల) లిస్టు ఉన్న రోజులన్నీ మీకే వేయమని మీ ప్రొఫెసర్‌ని అడగండి, రేపే అడగండి.